షెమా పాడబోయే క్వయర్లకు ఒక మాట

ఆమేన్, హల్లెలూయ. ఈ రెండు హెబ్రీ మాటలు పలకకుండా ఆబిడ్స్‌లోనైనా నాంపల్లిలోనైనా ఆదివారపు ఆరాధన ముగియదు. మట్టల ఆదివారం నాడు హోసన్నా కూడా చేరుతుంది. కాబట్టి ద్వితీయోపదేశకాండము 6:4లోని షెమా ప్రార్థనను మూలభాషలోనే పాడాలని మన యౌవనస్థులకు అనిపించడంలో వింతేమీ లేదు. మన ప్రభువు కూడా ప్రధానమైన ఆజ్ఞ ఏదని శాస్త్రి అడిగినప్పుడు (మార్కు 12:29) ఆ మాటలతోనే జవాబు మొదలుపెట్టాడు.

అయితే మనం దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో చూసి తెలుగులో రాసుకుంటాం. చిక్కు అక్కడే వస్తుంది. షెమాలో చివరి మాటకు 'ఒక్కడే' అని అర్థం. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి దాన్ని 'ఎచాద్' అని పాడేవారున్నారు. అది గొంతులోంచి రావలసిన శబ్దం, 'ఎహాద్'కు దగ్గరగా ఉంటుంది. మన నాలుక అలవాటుగా 'ఎహాదు' అంటుంది. ఆ 'ఉ' అక్కర్లేదు. తోరా చుట్టలలో ఈ మాట చివరి అక్షరమైన దాలెత్‌ను పెద్దదిగా రాస్తారు. దాన్ని దాదాపు అదే ఆకారంలో ఉండే రేష్ అనుకుంటే 'ఒక్కడు' కాస్తా 'వేరొకడు' అయిపోతాడు. తర్వాతి వచనంలో 'వెఆహవ్‌తా' అనే మాటకు ఊనిక చివర పడితే 'నీవు ప్రేమింపవలెను' అనే ఆజ్ఞ. రాగం కోసం ఊనికను మధ్యకు జరిపితే అది 'నీవు ప్రేమించావు' అని గడిచిపోయిన సంగతి అవుతుంది!

ఇంకొకటి, పల్లవి. పురుషోత్తమ చౌదరి (1803–1890) గారి కాలం నుండి మన కీర్తనలు రాగతాళాలతోనే నడిచాయి. పల్లవి మళ్లీ మళ్లీ రావడం మనకు ప్రాణం. షెమా విషయంలో యూదుల పద్ధతి వేరు. 'షెమా, షెమా' అని రెండుసార్లు చెప్పేవాణ్ని ఆపాలని తల్ముద్ చెబుతుంది. ఇద్దరు దేవుళ్లను పిలిచినట్టు వినబడుతుందని వారి భయం. కీబోర్డు వాయించే తమ్ముడికి నచ్చకపోయినా, ఇక్కడ పల్లవి వద్దనే నేనంటాను.

యూదులు సంగీతాన్ని కాదన్నారని దీని అర్థం కాదు. 1620లలో ఇటలీలోని మాంటువాకు చెందిన సలమోనె రోస్సి అనే యూదుడు హెబ్రీ కీర్తనలకు అనేక స్వరాల సంగీతం కూర్చి అచ్చువేయించాడు. హెబ్రీ కుడి నుండి ఎడమకు నడుస్తుంది, స్వరలిపి ఎడమ నుండి కుడికి. అచ్చు వేసినవారి అవస్థ ఊహించుకోండి! 1828లో వియన్నా సమాజమందిరం కోసం 92వ కీర్తనకు హెబ్రీలోనే బాణీ కట్టిన షూబర్ట్ క్రైస్తవుడు.

ఇది ఎక్కడో దూరదేశపు సంగతి కూడా కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే తెలుగు యూదులున్నారు. 1991 నుండి వారికి సమాజమందిరం ఉంది. పెద్దయ్యాక హెబ్రీ అక్షరాలు దిద్దుకుని ప్రార్థన నేర్చుకున్నవారు వారిలో ఉన్నారు. యూదులకు షెమా తల్లి బిడ్డకు నేర్పే ప్రార్థన, మరణవేళ పెదవులపై ఉండవలసిన ప్రార్థన. రబ్బీ అకీబా రోమీయుల చేతిలో చిత్రవధ పొందుతూ 'ఎహాద్' అనే మాటను సాగదీస్తూనే ప్రాణం విడిచాడని తల్ముద్ చెబుతుంది. అలాంటి మాటను క్రిస్మస్ కార్యక్రమంలో రెండు డాన్సుల మధ్య ఇరికించడం నాకు సమ్మతం కాదు.

పాడాలనుకుంటే ముందు ఒక నెల రాగం లేకుండా చదవండి. తర్వాత వాద్యాలు లేకుండా ఒక గొంతుతో ఒక్కసారి పాడి, వెంటనే తెలుగు వచనాన్ని సంఘమంతటితో చదివించండి. బాణీకి మాట లొంగకపోతే బాణీనే మార్చుకోండి.