పాట్ సమిట్

1891వ సంవత్సరము డిసెంబరు మాసమున అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమందు జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు, చలికాలమున విద్యార్థులు లోపల నుండి ఆడుకొనుటకై, రెండు పండ్ల బుట్టలను ఎత్తున బిగించి బాస్కెట్‌బాల్ ఆటను కల్పించెను. మరుసటి యేడే ఈ ఆట స్త్రీల కళాశాలలకు ప్రాకెను. కాని ఎక్కువగా పరుగెత్తినచో ఆడుపిల్లల ఆరోగ్యము చెడునని పెద్దలకు భయము కలిగెను. అందుచే ఆటస్థలమును భాగములు చేసి, ఒక భాగమున నిలిచిన బాలిక మరియొక భాగమున అడుగిడరాదని కట్టడి చేసిరి.

ఈ భయము తొలగుటకు చాల కాలము పట్టెను. టెనెస్సీ రాష్ట్రపు ఉన్నత పాఠశాలలలో 1970 దాటిన తరువాత కూడ బాలికల జట్టునకు ఆరుగురుండెడివారు. ముగ్గురు ఒక సగమున నిలిచి బుట్టలో బంతి వేయవలెను; తక్కిన ముగ్గురు రెండవ సగమున నిలిచి ఎదుటివారిని అడ్డవలెను. అడ్డుటకు నిలిచిన బాలిక ఎంత నేర్పరియైనను పందెములో బుట్ట వైపు బంతి విసరు అవకాశమే లేదు. అట్టి పిల్ల కళాశాలకు పోయి అయిదుగురాడు ఆటలో నెట్లు నెగ్గుకొనిరాగలదు?

ఆ రాష్ట్రముననే 1952 జూన్ 14వ తేదీన ఒక రైతు కుటుంబమున పాట్రీషియా హెడ్ జన్మించెను. వివాహానంతరము పాట్ సమిట్ అను పేర ప్రసిద్ధి కెక్కినది ఈమెయే. చెరకు నరకు కాలమున పెద్దల వెంట తోటకు పోవు అనకాపల్లి ప్రాంతపు బాలికలకు ఆమె బాల్యము వింతగా తోచదు. పగలు పొలమున గడ్డిమోపులు మోయుట, పొగాకు తోటలో పని. రాత్రి గడ్డి యటక మీద ముగ్గురన్నలతో బాస్కెట్‌బాల్. పాఠశాలలో బాలికలకు జట్టు లేకపోగా, తండ్రి కుమార్తె ఆట కొరకు కాపురమునే పొరుగు జిల్లాకు మార్చెను. ఆయన మిక్కిలి కఠినుడనియు, మెచ్చుకోలు మాట ఎరుగడనియు చెప్పుదురు. అయినను ఇంతకు మించిన మెచ్చుకోలు మరేమి కలదు!

1974లో పాట్‌కు మోకాలు తీవ్రముగా దెబ్బతినెను. ఆ యేడే టెనెస్సీ విశ్వవిద్యాలయపు మహిళా జట్టునకు ఆమె ప్రధాన శిక్షకురాలయ్యెను. వయస్సు ఇరువదిరెండు, క్రీడాకారిణులలో కొందరు ఆమెకంటె ఒక్క యేడే చిన్న. జీతము నెలకు 250 డాలర్లు. జట్టు దుస్తులు డోనట్లను తీపి వడల నమ్మి కూడబెట్టిన సొమ్ముతో కొన్నవి. వానిని ఉదుకుట, పందెములకు బండి తోలుట కూడ శిక్షకురాలి పనియే. విద్యాసంస్థలలో స్త్రీపురుష భేదము చూపరాదని 1972లో అమెరికా ప్రభుత్వము శాసనము చేసెను గాని, శాసనము వెనువెంటనే ధనము రాదు గదా.

మోకాలు బాగుచేసికొని ఆమె తానును ఆటను సాగించెను. ఒలింపిక్స్‌లో మహిళల బాస్కెట్‌బాల్‌కు మొదటిసారి చోటు దొరికిన 1976 మాంట్రియల్ క్రీడలలో ఆడి రజత పతకము నందెను. 1984లో లాస్ ఏంజిలిస్‌లో స్వర్ణము గెలిచిన అమెరికా జట్టునకు ఆమెయే శిక్షకురాలు. ఆరుగురి ఆట పోవలెనని గట్టిగా వాదించినవారిలో ఆమె ఒకతె. 1979–80 నుండి టెనెస్సీ పాఠశాలల బాలికలు అయిదుగురి ఆటను, స్థలమంతట తిరిగి, ఆడసాగిరి.

ఆమె శిక్షణ బహు కఠినము. పురుష విద్యార్థులను పిలిపించి వారిపై తన జట్టుచే సాధన చేయించెడిది. తరగతిలో క్రీడాకారిణులు మొదటి మూడు వరుసలలోనే కూర్చుండవలెను; కారణము లేక పాఠము మానరాదు. ఆమె వద్ద ఆటకాలము పూర్తిచేసినవారందరును పట్టభద్రురాండ్రైరి. నా దృష్టిలో ఎనిమిది జాతీయ విజయములకంటె ఇదియే అరుదైనది. ఆ విజయములలో మొదటిది 1987లోను, చివరిది 2008లోను లభించెను. 1998లో జట్టు 39 పందెములాడి ఒక్కటియు ఓడలేదు.

2011 ఆగస్టులో, ఏబది తొమ్మిదవ యేట, తనకు జ్ఞాపకశక్తిని హరించు ఆల్జైమర్ వ్యాధి సోకినదని ఆమె స్వయముగా ప్రకటించెను. అయినను మరియొక యేడు జట్టును నడిపి, 1,098 విజయములతో 2012లో విరమించెను. 2016 జూన్ 28న మరణించెను. ఆమె స్థానమున శిక్షకురాలైనది, ఒకప్పుడు ఆమె జట్టులో ఆడి, పిమ్మట చిరకాలము ఆమెకు సహాయకురాలుగా నున్న హాలీ వార్లిక్.