బస్తాలో ఒకటి, కాగితంలో ఒకటి

కాకినాడ రేవు దగ్గర జట్టు కార్మికుల సమావేశానికి వెళ్లినప్పుడు ఒక పెద్ద మేస్త్రి లేచి మమ్మల్ని ఒక మాట అడిగాడు. "కామ్రేడ్, 2023లో తెల్ల బియ్యం ఓడెక్కకూడదని ఢిల్లీ వాళ్లు ఆర్డరేశారు గదా. ఉప్పుడు బియ్యమైతే ఎక్కొచ్చన్నారు. కాగితంలో ఏం రాశారో మాకు తెలీదు. బస్తాలో ఏముందో మాత్రం మాకు తెలుసండి. నాలుగు గింజలు అరచేతిలో వేసుకుంటే చాలు, తెలిసిపోద్ది. కానీ మమ్మల్ని అడిగినోడెవడు?"

సభలో అందరూ నవ్వారు. కానీ అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. మనం నాటిన వరి, మనం కోసి నూర్చిన ధాన్యం, మనం మోసిన బస్తా ఓడ దగ్గరకు వెళ్లేసరికి ఏ పేరు పెట్టుకుంటుంది? ఆ పేరు పెట్టేది ఎవరు? తప్పుడు పేరు పెడితే లాభం ఎవరికి, నష్టం ఎవరికి? వ్యవసాయ కార్మికులు, కౌలు రైతులు ఈ సంగతి తెలుసుకోవలసిన అవసరం ఉంది.

ఎనిమిది అంకెల జాతకం

దేశం నుంచి బయటకు పోయే ప్రతి సరుకుకూ ప్రభుత్వ పట్టికలో ఎనిమిది అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. మొదటి ఆరు అంకెలు ప్రపంచ దేశాలన్నీ కలిసి వాడుకునేవి. చివరి రెండూ మన ప్రభుత్వం పెట్టుకున్నవి. 10 అంటే తిండిగింజలు. 1006 అంటే వరి. ఆ తర్వాత 10 వస్తే ధాన్యం, 20 వస్తే పొట్టు మాత్రమే తీసిన ముడిబియ్యం, 30 వస్తే మరపట్టిన బియ్యం, 40 వస్తే నూకలు.

మరపట్టిన బియ్యంలో మళ్లీ తేడాలున్నాయి. 2023లో ఉన్న పట్టిక ప్రకారం చివర 10 వస్తే ఉప్పుడు బియ్యం, 20 వస్తే బాస్మతి, 90 వస్తే "ఇతరములు". మారుటేరు పరిశోధనా కేంద్రం ఇచ్చిన స్వర్ణ గానీ, 1010 గానీ, బాపట్లలో పుట్టిన సాంబ మసూరి గానీ, పచ్చి బియ్యంగా ఆడిస్తే అన్నీ ఆ "ఇతరములు" అనే ఒక్క గోతాంలో పడేవి. 2025 బడ్జెట్‌లో ఈ అంకెలను మళ్లీ చీల్చి, భౌగోళిక గుర్తింపు ఉన్న బియ్యానికి వేరే సంఖ్యలు ఇచ్చారు. అంటే గదులు పెరిగాయి. ఏ బస్తాను ఏ గదిలో పెట్టాలన్న పేచీ కూడా పెరుగుతుంది.

చట్టం చెప్పేది ఏమిటయ్యా అంటే, సరుకు రేవు దాటేటప్పుడు నిజంగా ఏదో, దాన్ని బట్టే సంఖ్య వేయాలి. సంచి మీద అచ్చేసిన పేరును బట్టి కాదు, వ్యాపారి నోటిమాటను బట్టి అంతకన్నా కాదు. ఉప్పుడు బియ్యం అంటే ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఆ తర్వాత మరపట్టినవి. ఆవిరికి గింజలోని పిండి పదార్థం ఉడికి గట్టిపడుతుంది. గింజ పొట్టలోని తెల్లమచ్చ పోయి అద్దంలా కనిపిస్తుంది, కాస్త పసుపు రంగు తేలుతుంది. మరలో తక్కువ విరుగుతుంది. బాయిలర్ దగ్గర నిలబడి చెమటోడ్చిన కార్మికుడికి ఈ తేడా పుస్తకం చదివి నేర్చుకోవలసింది కాదు.

పేరు మారితే కోట్లు మారతాయి

ఇక ఆర్డర్ల సంగతి చూడండి. 2022 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం నూకల ఎగుమతిని నిషేధించింది. తెల్ల బియ్యం మీద 20 శాతం ఎగుమతి సుంకం వేసింది. ఉప్పుడు బియ్యానికీ బాస్మతికీ సుంకం లేదు. 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యాన్ని పూర్తిగా ఆపేసింది. అదే సంవత్సరం ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద కూడా 20 శాతం సుంకం వేసింది.

లెక్క కోసం టన్ను బియ్యం 30 వేల రూపాయలనుకుందాం. 20 శాతం అంటే 6 వేలు. 25 వేల టన్నుల ఓడ ఒకటి నిండితే సుంకం 15 కోట్లు. తెల్ల బియ్యానికి ఉప్పుడు బియ్యం అని రాస్తే చాలు, అప్పట్లో ఆ 15 కోట్లూ మిగిలేవి. నిషేధం వచ్చిన తర్వాతైతే పోకూడని సరుకే పోతుంది. కలం పోటు ఒక్కటే, గింజ మారలేదు.

ఇది మా ఊహ కాదు. నిషేధించిన తెల్ల బియ్యం ఉప్పుడు బియ్యం సంఖ్య కిందా, బాస్మతి సంఖ్య కిందా బయటకు పోతున్నట్లు నమ్మదగిన సమాచారం వచ్చిందని 2023 ఆగస్టు ఆఖరున కేంద్ర ప్రభుత్వమే ప్రకటించింది. టన్ను 1200 డాలర్లకు తక్కువకు కుదిరిన బాస్మతి ఒప్పందాలను నమోదు చేయకుండా ఆపమని ఆదేశించింది. మామూలు బియ్యాన్ని ఆ ధరకు ఎవడూ కొనడు గనక దొంగ బాస్మతి ఆగుతుందన్నది ఆలోచన. కానీ నిజమైన బాస్మతి పండించే రైతులకు కూడా ఆ ధర అడ్డయింది. గొడవ జరిగాక అక్టోబరులో దాన్ని 950 డాలర్లకు దించారు. దొంగ వ్యాపారి చేసిన పనికి శిక్ష మొదట పడింది రైతు మీదనే!

రైతుకు మిషను, వ్యాపారికి మాట

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ధాన్యం కొనుగోలు కేంద్రానికి కౌలు రైతు బస్తా తెస్తే ఏం జరుగుతుంది? తేమ మిషను పెడతారు. 17 శాతం దాటితే కళ్లంలో మళ్లీ ఆరబెట్టుకో పొమ్మంటారు. తాలు ఎంత, మట్టి ఎంత, రంగు మారిన గింజ ఎంత అని లెక్కలు తీస్తారు. గింజ పొడవూ వెడల్పూ చూసి సాధారణ రకమా, ఏ గ్రేడా తేలుస్తారు. 2023–24లో ఈ రెండింటి మద్దతు ధరల మధ్య తేడా ఎంత? 2183కూ 2203కూ మధ్య, అంటే క్వింటాలుకు 20 రూపాయలు! 75 కిలోల బస్తాకు 15 రూపాయలు. ఆ 15 రూపాయల కోసం రైతు గింజను కొలుస్తారు.

రేవు దగ్గర కోట్ల రూపాయల సరుకుకు మాత్రం 2011 నుంచి ఎగుమతిదారే తన సరుకు సంఖ్య తానే రాసుకుని, సుంకం తానే లెక్కగట్టుకునే పద్ధతి ఉంది. కంప్యూటరు ఎంచి చూపిన సరుకునే కస్టమ్స్ వాళ్లు విప్పి చూస్తారు. 1962 కస్టమ్స్ చట్టంలో తప్పుడు ప్రకటన చేసిన సరుకును జప్తు చేసే అధికారం ఉంది, జరిమానా ఉంది. చట్టం లేక కాదు, చూసే చెయ్యి లేక. పేదవాడి గింజ మీద నమ్మకం లేదు, పెద్దవాడి మాట మీద మాత్రం నమ్మకం ఉంది.

తెలంగాణలో మరో విచిత్రం జరిగింది. యాసంగి ధాన్యం ఎండలకు పగుళ్లిచ్చి, పచ్చిగా మరపడితే నూకలవుతుంది. అందుకే అక్కడి మిల్లులు ఉప్పుడు బియ్యం చేస్తాయి. 2021లో ఇక ఉప్పుడు బియ్యం కొనేది లేదని కేంద్రం భీష్మించుకు కూర్చుంది. వరి వేయొద్దని రైతుకు చెప్పేదాకా వచ్చింది వ్యవహారం. ఏడాది తిరగకుండానే సుంకం లేకుండా ఓడెక్కిన రకం ఆ ఉప్పుడు బియ్యమే! రైతు చేతిలో ఉన్నంతకాలం అక్కరలేని సరుకు, వ్యాపారి చేతికి రాగానే ముద్దొచ్చింది.

అంకెల్లో లేని రేషన్

ఈ ఎనిమిది అంకెల్లో ఎక్కడా "రేషన్ బియ్యం" అనే సంఖ్య లేదు. చౌక డిపోలో కార్డుదారుకు అందవలసిన బియ్యాన్ని కిలో పదికో పన్నెండుకో కొనేవాళ్లు మన పేటల్లోనే తిరుగుతున్నారు. ఆ బియ్యాన్ని మిల్లులో పాలిష్ పట్టి కొత్త సంచిలోకి ఎత్తితే కాగితం మీద అవి మామూలు బియ్యమే. 2024 నవంబరులో కాకినాడ రేవులో స్టెల్లా అనే ఓడలో రేషన్ బియ్యం ఉన్నాయని అధికారులు తేల్చినప్పుడు రాష్ట్రమంతా గగ్గోలైంది. పోషకాలు కలిపిన గింజలు అందులో ఉన్నాయా లేదా అని పరీక్ష చేస్తే రేషన్ బియ్యం గుట్టు తెలుస్తుంది. అంటే నిజం గింజలోనే ఉంది. కాగితాన్ని కాక గింజను చూడాలి, అంతే.

ఇటువంటి కేసుల్లో ముందు పట్టుబడేది ఎవరు? లారీ డ్రైవరు, కిరాయికి తోలిన ఆటో కుర్రాడు, కార్డు అమ్ముకుందని నింద మోసే తల్లి. సంఖ్య రాసిన కలం ఎవరిదో అడిగే నాథుడు లేడు.

మనకేం పోయింది?

"ఎగుమతుల గొడవ మనకెందుకు?" అని కొందరు కూలీలు అడుగుతున్నారు. వ్యవసాయ కార్మికుడు ఒక చేత్తో ధాన్యం పండిస్తాడు, మరో చేత్తో బియ్యం కొనుక్కుంటాడు. దేశంలో బియ్యం ధర అదుపులో ఉంచడానికే నిషేధం పెట్టామన్నారు. మంచిది. ఆ నిషేధం పేరు చెప్పి మిల్లు దగ్గర ధాన్యానికి బేరం తగ్గిస్తారు. "ఎగుమతి ఆగిపోయిందయ్యా" అనే మాట వినని కౌలు రైతు మన జిల్లాల్లో లేడు. అదే బియ్యం పేరు మార్చుకుని ఓడెక్కిపోతే కొట్లో ధరా తగ్గదు. అమ్మేవాడికి పెరగలేదు, కొనేవాడికి తగ్గలేదు. మధ్యలో ఉన్న తేడా అంతా ఆ తప్పుడు సంఖ్య రాసినవాడి ఇనప్పెట్టెలోకి పోయింది. రేవులో పని లేని రోజుల్లో పస్తులున్నది మాత్రం బార్జీలు నింపే జట్టు కార్మికులు.

2024 సెప్టెంబరు నుంచి ఈ ఆంక్షలు ఒక్కొక్కటే ఎత్తేశారు. 2025 మార్చిలో నూకల మీద నిషేధం కూడా తీసేశారు. ఇక గొడవ లేదనుకోవద్దు. రాత్రికి రాత్రి వచ్చిన ఆర్డరు మళ్లీ రాత్రికి రాత్రే రావచ్చు. 2025 సెప్టెంబరులో బాస్మతి కాని బియ్యానికి కూడా ఎగుమతి ఒప్పందాలు నమోదు చేయాలని నిబంధన పెట్టారు. ఆ నమోదు వివరాలు వ్యాపారులకూ అధికారులకూ మధ్య రహస్యంగా ఉండటానికి వీల్లేదు.

అందుకని మనం ఈ డిమాండ్లు ముందు పెట్టాలి. ఏ ఓడలో, ఏ సంఖ్య కింద, ఎన్ని టన్నుల బియ్యం పోయాయో రేవు దగ్గర తెలుగులో బోర్డు మీద రాయాలి. ఎక్కించే ముందే నమూనా తీసి పరీక్షించాలి, ఆ తీసేటప్పుడు కార్మిక సంఘం ప్రతినిధి ఉండాలి. తప్పుడు సంఖ్య రుజువైతే ఎగుమతిదారు మీద, సరుకిచ్చిన మిల్లు యజమాని మీద కేసు పెట్టాలి గానీ డ్రైవరుతో సరిపెట్టకూడదు. ఎగుమతులు ఆపిన రోజుల్లో మద్దతు ధరకు తక్కువగా ఒక్క బస్తా కూడా కొననివ్వకూడదు. పని పోయిన జట్టు కార్మికులకు భృతి ఇవ్వాలి.

ఇక ఆ పెద్ద మేస్త్రి ప్రశ్నకు మా జవాబు ఇది. అడగలేదని ఊరుకోవద్దు. తప్పు సరుకు భుజం మీదకొస్తే ఒంటరిగా కాదు, జట్టు జట్టంతా ఆగి సంఘానికి కబురు చేయండి. అరచేతిలో నాలుగు గింజలు వేసి చూసి నిజం చెప్పగలిగినవాళ్లు రేవులో వందలమంది ఉన్నారు. వాళ్లంతా ఒక్కమాట మీద నిలబడితే ఎనిమిది అంకెల అబద్ధం ఎన్నాళ్లు నిలుస్తుంది?