షేక్‌పేట సరాయి దగ్గర వలసల పాఠం

వలసల చరిత్ర, రవాణా చరిత్ర బడిలో వేరువేరు పాఠాలుగా నడుస్తాయి. పదో తరగతి సాంఘిక శాస్త్రంలో వలసలకు ఒక అధ్యాయం ఉంది. రోడ్లు, రైళ్లు, రేవులు మరోచోట వస్తాయి. నిజానికి రెండూ ఒకే కథ. ఒక ఊరికి ఎవరు వచ్చి చేరారో తెలియాలంటే ఆ ఊరికి ఏ దారి వచ్చిందో చూడాలి. హైదరాబాద్‌లో ఈ సంగతి పిల్లల కళ్లకు కట్టే చోటు షేక్‌పేట.

గోల్కొండ కోటకు దగ్గర్లోని ఈ పేటలో కుతుబ్‌షాహీల కాలపు సరాయి ఇంకా నిలిచి ఉంది. సరాయి అంటే బాటసారుల బస. మనుషులు తలదాచుకోవడానికి గదులు, పశువులను కట్టేయడానికి చోటు, పక్కనే మసీదు. 17వ శతాబ్దంలో కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన వజ్రాలు గోల్కొండకు చేరేవి. మచిలీపట్నం రేవులో కలంకారీ బట్టలు పారశీకానికి ఓడ ఎక్కేవి. అవే దారుల్లో ఇరానీ వర్తకులు, పండితులు, సైనికులు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మచిలీపట్నం ఇక్కడికి ఇంచుమించు 340 కిలోమీటర్లు. బండి రోజుకు 25 కిలోమీటర్లు నడిస్తే ఎన్ని రాత్రులు దారిలో గడపాలో పిల్లలను సరాయి గోడ పక్కన కూర్చోబెట్టి లెక్క వేయిస్తే చాలు, ఆ కట్టడం ఎందుకు కట్టారో ఎవరూ చెప్పనక్కర్లేదు. మజిలీ అనే మాట కూడా ఆ బాటల వెంటే తెలుగులోకి వచ్చింది.

ఈ పాఠంలో తప్పక చెప్పాల్సింది లంబాడీల కథ. బంజారాలుగా కూడా పిలిచే వీళ్లు వేల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశం నడిబొడ్డున తిరిగారు. దక్కన్ మీదికి వచ్చిన మొగల్ సైన్యాలకు తిండిగింజలు అందించిందీ వీళ్లే. అంటే వలస వెళ్లడానికి బండి ఎక్కినవాళ్లు కాదు, రవాణాయే జీవనంగా బతికినవాళ్లు. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు వచ్చింది. 1889కి పట్టాలు బెజవాడను అందుకున్నాయి. ఎద్దులు నెలలపాటు మోసే సరుకును రైలు రోజుల్లో దించేసింది. ఎద్దుల మీది వర్తకం కూలిపోయింది. తిరిగే జనం తండాల్లో నిలిచి సేద్యానికి, కూలికి దిగారు. కొత్త దారి కొందరిని తీసుకొస్తుంది, కొందరి బతుకుదెరువును తీసేస్తుంది. పుస్తకాల్లో మొదటి సగమే ఎక్కువగా కనిపిస్తుంది. రెండో సగం లేకపోతే ఆ పాఠం అబద్ధమవుతుంది.

రైలు తర్వాత బస్సు దారి వచ్చింది. 1932లో నిజాం రైల్వే సంస్థ 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. నేటి ఆర్టీసీకి మూలం అదే.

షేక్‌పేటను ఆనుకుని ఉన్న ఫిల్మ్‌నగర్‌ది మరో రకం వలస. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ బొంబాయిలో తయారైంది. ఆ తర్వాత దశాబ్దాలపాటు తెలుగు సినిమాకు మద్రాసే ఇల్లు. స్టూడియోలు, లాబొరేటరీలు, పనివాళ్లు అక్కడే ఉన్నారు. 1956లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడ్డాక పరిశ్రమ మెల్లమెల్లగా హైదరాబాద్ వైపు కదిలింది. అక్కినేని నాగేశ్వరరావు 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ నెలకొల్పేనాటికి ఆ స్టూడియో పరిసరాలు బండరాళ్ల గుట్టలు. తారల వెంట లైట్‌మెన్, మేకప్ కళాకారులు, ఫైట్ మాస్టర్లు, వంటవాళ్లు కూడా కాపురాలు మార్చుకున్నారు. వేషాల కోసం జిల్లాల నుంచి బస్సెక్కినవాళ్లు కృష్ణానగర్ ఇరుకు గదుల్లో చేరారు. మేడలు కట్టే పనికి పాలమూరు కూలీలు వచ్చారు. తారల పేర్లు అందరికీ తెలుసు. మిగతావాళ్ల ప్రయాణాలు వాళ్ల ఇళ్లలోనే మిగిలిపోయాయి. వాటిని రాయించాల్సింది బడి.

దానికి పెద్ద సామగ్రి అక్కర్లేదు. తాతయ్య, నానమ్మ, అమ్మ ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ బండి ఎక్కారు, టికెట్ ఎంత, వెంట ఏం తెచ్చుకున్నారు, ఎవరిని వదిలి వచ్చారు: ఈ ప్రశ్నలతో విద్యార్థి ఇంట్లో మాట్లాడి రాసుకొస్తే తరగతి గోడ మీది పటంలో దారాలు కట్టవచ్చు. పాలమూరు దారం పక్కనే మద్రాసు దారం పడుతుంది. టోలిచౌకి ఇళ్ల నుంచి గల్ఫ్ దేశాలకు, అక్కడ అద్దెకుండే విదేశీ విద్యార్థుల నుంచి ఆఫ్రికాకు కూడా దారాలు సాగుతాయి. అయితే కరువుకు, అప్పుకు ఊరు విడిచిన ఇంటి బిడ్డను నలుగురిలో నిలబెట్టి చెప్పించకూడదు. రాసి ఇచ్చినా, ఊరుకున్నా సరే అనాలి.

కొత్త దారులు ఇప్పటికీ వస్తున్నాయి. 2019లో మెట్రో జూబ్లీహిల్స్ మీదుగా హైటెక్ సిటీకి చేరింది. 2022 జనవరి 1న షేక్‌పేట ఫ్లైఓవర్ తెరిచారు. సరాయిని ఆ వంతెన పైనుంచి చూస్తే చాలదు, లోపలికి నడిచి చూడాలి. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు ఈ ఏడాది ఒక్క పూట పిల్లలను అక్కడికి తీసుకెళ్లాలి. బస్సు కూడా అక్కర్లేదు, నడిచి వెళ్లే దూరమే.