ఆమడల లెక్క, పూటల లెక్క

మన పెద్దలు దూరమును ఆమడలలో కొలిచిరి. కాని బాటసారి అడుగునది “ఎన్ని పూటల ప్రయాణము?” అనియే. బండిబాటపై ఈ రెండు లెక్కలును పొసగుచుండెను. ఆకాశమార్గమున అవి వేరుపడినవి.

“బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి” అను మాట ఉత్తర తెలంగాణమున ఎరుగనివారు అరుదు. ఒకప్పుడు పలువురు బొంబాయి చేరి, అచ్చట విమానమెక్కెడివారు. ఇప్పుడు 2008లో తెరవబడిన శంషాబాదు విమానాశ్రయమునుండియే పోవుచున్నారు. అచ్చటినుండి దుబాయికి సూటిదూరము ఇంచుమించు 2,550 కిలోమీటర్లు. ఉదయము 10 గంటలకు లేచిన విమానము, దుబాయి గడియారము 12-15 చూపుచుండగా దిగినదనుకొందము. రెండుంబావు గంటలని విద్యార్థి చెప్పును. ఆ గడియారము మనకంటె గంటన్నర వెనుక నడచును గనుక, పట్టిన కాలము మూడుముప్పావు గంటలు. తిరుగు ప్రయాణము సాధారణముగా ఇంకను త్వరగా ముగియును. ఎత్తున పడమటినుండి తూర్పునకు వీచు బలమైన గాలి, ముఖ్యముగా శీతకాలమున, విమానమును వెనుకనుండి నెట్టును.

అమెరికా సంగతి మరియు చిత్రము. తరగతి గోడపై వ్రేలాడు మెర్కేటరు పటమున హైదరాబాదునుండి షికాగో వరకు స్కేలు పెట్టి గీత గీయుడు. అది అరేబియా, ఉత్తర ఆఫ్రికా, అట్లాంటిక్కు మీదుగా పోవును. ఆ గీత వెంట ఎగిరినచో 16,100 కిలోమీటర్లగును. గోళముపై దారము బిగించి చూడుడు. దారము ఉత్తరధ్రువ సమీపమునకు జరుగును, దూరము 13,280కి తగ్గును. పటము చేసిన మోసము దుబాయి ప్రయాణముకంటె ఎక్కువ! 2021 జనవరిలో ఎయిరిండియా ఈ రెండు నగరములనడుమ నేరు విమానమును ప్రారంభించెను. చలికాలమున షికాగో మనకంటె పదకొండున్నర గంటలు వెనుక. మధ్యాహ్నము 1 గంటకు బయలుదేరి పదునారున్నర గంటలు ఎగిరినవాడు అదేదినము సాయంకాలము 6 గంటలకు దిగును. గోళమును బీరువాలో దాచియుంచు పాఠశాలలలో ఈ సంగతి పిల్లలకెట్లు నమ్మకము కలుగునో నాకు తెలియదు.

హుజూరాబాదు పరిసర గ్రామములలో ఇది పరీక్షకొరకైన లెక్క మాత్రమే కాదు. ఇంట తండ్రి కన్నుమూసినపుడు, దుబాయిలోని కొడుకు వచ్చువరకు ఆగవలెనా, సాయంకాలమునకే దహనము కానీయవలెనా అని బంధువులు వాకిట కూర్చుండి తర్కింతురు. అట్టి వేళ ఇంటిలోని చదువుకొను పిల్లవానినే పిలిచి టిక్కెట్టు చూపుదురు. దానిపై బయలుదేరు వేళ అచ్చటి గడియారముది, దిగు వేళ ఇచ్చటి గడియారముది. ఈ ముక్క ఎరుగనివాడు దిగు వేళకు మరల గంటన్నర కలిపి చెప్పును. ఆ గంటన్నరకే ప్రొద్దుగ్రుంకవచ్చును, ఆగుదమనుకొన్నవారు లేవవచ్చును. యజమాని సెలవిచ్చుట, టిక్కెట్టు దొరకుట, శంషాబాదునుండి ఊరివరకు గల రోడ్డు, వీనిలో దేనికిని కచ్చితమైన వేళ లేదు. విమానము గాలిలోనుండు మూడున్నర గంటలే ముందుగా చెప్పదగినవి.