కొత్త ఇంట్లో పాత కర్ర

మాది ములుగు దగ్గర ఊరు అని చెప్పగానే హాస్టల్‌లో రెండు మాటలు వినిపిస్తాయి. మొదటిది రామప్ప. రెండోది, "మీకేందిరా, అడవి పక్కనే, కర్ర ఫ్రీ." రామప్ప సంగతి సరే, రెండో మాట మాత్రం నిజం కాదు. ఇంట్లో కాస్త కర్ర కనిపించేలా, తక్కువ ఖర్చుతో, చట్టానికి దొరక్కుండా కాదు, చట్టం ప్రకారమే ఎలా చేసుకోవచ్చో పోయిన ఎండాకాలం మా ఇంట్లో చేసి చూశాం. అదే రాస్తున్నా.

ముందు ఆ "ఫ్రీ" సంగతి తేల్చేద్దాం. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో గాలివాన వచ్చి గంటల వ్యవధిలో దాదాపు 50 వేల చెట్లు నేలకూలాయి. పేపర్లో ఫొటోలు చూసిన మా ఫ్రెండ్ ఒకడు అడిగాడు: "పడిపోయిన చెట్టే కదా, ఒక దుంగ తెచ్చుకుంటే తప్పేంది?" అది ఏటూరునాగారం అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అభయారణ్యం నుంచి అనుమతి లేకుండా ఎండు కర్ర కూడా బయటికి తేకూడదు. ఆ చట్టం కాకపోయినా, పడిన దుంగలో పురుగు, పురుగు కోసం పక్షి, కింద కొత్త మొలక ఉంటాయి కదా. 2006 అటవీ హక్కుల చట్టం వెదురు, తునికాకు లాంటి వాటి మీద అడవిలో బతికేవాళ్లకు హక్కు ఇచ్చింది కానీ, కలపను అందులో చేర్చలేదు. కాబట్టి "మావోడు తెచ్చిస్తాడు, సగం ధరకే" అని ఎవరైనా టేకు చెక్క చూపిస్తే దండం పెట్టి వచ్చేయండి.

మరి కర్ర ఎక్కడుంది? ఊళ్లలో కూలగొడుతున్న పెంకుటిళ్లలో ఉంది.

మా తాత కట్టిన గూనపెంకుల ఇల్లు తీసేసి స్లాబు ఇల్లు వేద్దామనుకున్నప్పుడు, మా కాక కూల్చే అతనితో బేరం ఇట్ల కుదుర్చుకొచ్చిండు: కూల్చినందుకు మనం పైసలు ఇవ్వద్దు, కర్ర, ఇనుము అతను తీసుకుపోతాడు. ఊళ్లో చాలామంది చేసే బేరమే ఇది. వినడానికి లాభంగానే ఉంటుంది. నేను టేపు తీసుకుని వాసాలు కొలిచాను. ఒక్కో వాసం మూడు అంగుళాల వెడల్పు, రెండు అంగుళాల మందం, పది అడుగుల పొడవు. మూడును రెండుతో గుణించి, 144తో భాగించి, పదితో గుణిస్తే 0.42 సీఎఫ్‌టీ వస్తుంది. పన్నెండు వాసాలైతే ఐదు సీఎఫ్‌టీ టేకు. అడితిలో కొత్త టేకు సీఎఫ్‌టీ ధర ఎంతో మా నాన్నకు తెలుసు, ఎందుకంటే కొత్త ఇంటి దర్వాజాల కోసం అప్పటికే తిరిగి వచ్చిండు. లెక్క కాగితం చూపించాక ఇంట్లో ఒక పూట వాదన నడిచింది. కాక మాట పోకూడదు, కర్ర కూడా పోకూడదు. చివరికి దూలాలు, ఇనుము అతనికి, పన్నెండు వాసాలు, ఒక జోడు తలుపులు మాకు అని ఒప్పందం మారింది. మీ ఊళ్లో ఇల్లు తీసేస్తుంటే ఈ మాట గోడ పడకముందే మాట్లాడుకోండి. పడ్డాక అంతా వంటచెరుకు లెక్కలోకి పోతుంది.

పాత కర్రే ఎందుకు అంటే, చవక అన్నది ఒక కారణం మాత్రమే. పచ్చి చెక్క ఆరుతున్నప్పుడు అన్ని వైపులా సమానంగా కుంచించుకోదు. మొద్దును అడ్డంగా కోస్తే కనిపించే వలయాల వెంబడి కుంచించుకునేది, కేంద్రం నుంచి బయటికి కుంచించుకునే దానికంటే దాదాపు రెట్టింపు ఉంటుంది. అందుకే సరిగ్గా ఆరని పలక గిన్నెలా వంగుతుంది. యాభై ఏళ్లు కప్పు కింద ఉన్న వాసం వంగాల్సినంత అప్పుడే వంగింది. ఇక కొత్తగా వంగేది చాలా తక్కువ.

అలాగని పాతదంతా బంగారం కాదు. టేకులో లోపలి ముదురు రంగు భాగం చేవ. చెదను తట్టుకునేది అదే. అంచుల్లో ఉండే పాలిపోయిన చెక్కకు ఆ బలం లేదు. గోరుతో గీకితే పొడి రాలుతుందా, గుండుసూది మొన లాంటి రంధ్రాలున్నాయా చూడాలి. మట్టిగోడలో దిగబడి ఉన్న చివర్లు దాదాపు ఎప్పుడూ చెమ్మకు పాడై ఉంటాయి. మేం ఒక్కో వాసానికి అడుగు కోసేశాం, తొమ్మిది అడుగులు మిగిలింది.

మా ఊరి వడ్లాయన చూసి, "పొయ్యిల పెట్టే కర్రనా బిడ్డా ఇది! మేకులన్నీ పీకి తే, అప్పుడు మాట్లాడుదాం" అన్నడు.

"ఎన్ని పీకాలె తాతా?"

"మిల్లోడు రంపం పెట్టనిచ్చేదాక."

ఆయన చెప్పింది నిజమే. ఒక్క మేకు దాగి ఉన్నా కోత మిల్లు బ్లేడు పోతుంది, అందుకే వాళ్లు పాత కర్ర చూస్తేనే మొహం తిప్పుకుంటారు. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతంతో వాసాలన్నీ తడిమి, మిగిలిన మేకులు పట్టుకున్నాను. అప్పుడు గానీ మిల్లులో ఒప్పుకోలేదు. ఒక్కో వాసాన్ని నిలువుగా రెండుగా కోయిస్తే, రంపం తిన్నది పోను, ముప్పావు అంగుళం మందం పట్టీలు రెండు వస్తాయి. మూడు అంగుళాల వెడల్పు, తొమ్మిది అడుగుల పొడవు. అంటే ఒక వాసానికి నాలుగున్నర చదరపు అడుగులు.

ఆరు వాసాల పట్టీలు ముందు గదిలో టీవీ వెనక గోడకు పోయాయి, 27 చదరపు అడుగులు. గోడంతా కప్పుదామని మా చెల్లె పట్టుబట్టింది కానీ నేను ఒప్పుకోలేదు. ముదురు కర్ర వెలుతురును తినేస్తుంది. చిన్న గదిలో ఒక గోడలో ఒక భాగం చాలు, మిగతాది తెల్ల సున్నమే బాగుంటుంది. ఇంకో మూడు వాసాల పట్టీలు మూడేసి పక్కపక్కన పెడితే తొమ్మిది అంగుళాల వెడల్పు అల్మారా పలకలు అయ్యాయి, మూడడుగులవి ఆరు. ఇక్కడ మన సబ్జెక్టు పనికొచ్చింది. మధ్యలో బరువు పెట్టినప్పుడు పలక వంగేది పొడవుకు ఘనంలో పెరుగుతుంది, మందానికి ఘనంలో తగ్గుతుంది. ముప్పావు అంగుళం పలక మూడడుగులు పోవాలి, పైన మన పుస్తకాలు ఉండాలి అంటే మధ్యలో ఇంకో బ్రాకెట్ వేయాల్సిందే. పలకను మందం చేయడం కంటే ఆ ముప్పై రూపాయల బ్రాకెట్ చవక.

తలుపుల జోడులో ఒకటి నా చదువుబల్ల. రెండు ఇనుప స్టాండ్ల మీద పడుకోబెట్టాం, అంతే. దానికి ఆకుపచ్చ పెయింటు ఉండేది. పాత పెయింటుతో జాగ్రత్త. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు వేసిన రంగులో ఎంతుందో ఎవరికి తెలుసు? పొడిగా రుద్ది దుమ్ము లేపొద్దు. బయట, మాస్కు పెట్టుకుని, తడిపి గీకాలి. చిన్నపిల్లల్ని అటు రానివ్వొద్దు.

మసి పట్టిన వాసాలను వడ్లాయన గాజుపెంకుతో గీకి చూపించిండు. కింద తేనెరంగు చెక్క, టేకు వాసన. ఆ తర్వాత సాండ్‌పేపర్ 80, 120, 220 నంబర్లు వరుసగా. పాలిష్‌కు అవిసె నూనె వాడాం. పలుచగా రాసి, పావుగంటయ్యాక పొడిబట్టతో తుడిచేసి, ఒకరోజు ఆరనివ్వాలి. మూడు పూతలు. ఇంట్లో ఉంది కదా అని ఆముదమో కొబ్బరినూనో రాయకండి, అవి గట్టిపడవు, జిడ్డు అలాగే ఉండి దుమ్ము పట్టుకుంటాయి. అవిసె నూనె ఆవిరవదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. ఆ చర్యలో వేడి పుడుతుంది. అందుకే నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేస్తే వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. ఇది కథ కాదు, కెమిస్ట్రీ. గుడ్డలను బయట విడిగా పరిచి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి పెట్టండి.

కూల్చే ఇల్లు లేనివాళ్ల సంగతేంటి? వెదురు ఉంది. మేదరి వాళ్ల దగ్గర ఒక బుట్ట కొని బోర్లించి, లోపల ఎల్‌ఈడీ బల్బు పెడితే గది గోడల మీద అల్లిక నీడ పడుతుంది. పాతకాలం వేడి బల్బు మాత్రం పెట్టొద్దు. వెదురులో పిండిపదార్థం ఎక్కువ, పురుగు పట్టేది దానికే. నరికిన బొంగులను కొన్ని వారాలు నీళ్లలో నానబెట్టే పాత పద్ధతి ఆ పిండిని బయటికి లాగడానికే. కొనేటప్పుడు "నానేసిందేనా?" అని అడగండి. ఇక జామాయిల్ కర్రలు. కమలాపురం ఫ్యాక్టరీ 2014లో మూతపడ్డా మా వైపు తోటలు ఇంకా కనిపిస్తాయి. చవకే, కానీ ఆరేకొద్దీ పగులుతుంది. బట్టలు తగిలించే కొమ్మగా పనికొస్తుంది, పలకగా కాదు.

మా ఖర్చు: వడ్లాయన రెండు రోజుల కూలి 2,400, మిల్లు 500, నూనె, సాండ్‌పేపర్, మరలు, బ్రాకెట్లు 900, రెండు బుట్టలు 400. మొత్తం 4,200 రూపాయలు. మేకులు పీకిన కూలి లెక్కలో లేదు, అది నాది.

పదో వాసం తలుపు వెనక కొక్కేల పట్టీ అయింది. మిగిలిన రెండూ ఇంకా గోడకు ఆనించి ఉన్నాయి. చెప్పుల స్టాండు చేద్దామని నేను, తాత ఇంటి కర్ర మీద చెప్పులేందని నాయనమ్మ. ప్రస్తుతానికి వాటి మీద ఆమె చీరలు ఆరుతున్నాయి.