చెడుగుడు బరిలో ఒకే న్యాయము

కర్నూలు, కడప జిల్లాల పల్లెలలో చెడుగుడు ఎరుగని బాలుడు అరుదు. కాని ఊరికొక కూత, ఊరికొక కట్టుబాటు. ఊరిలో ఆడుకొనునంతవరకు చిక్కు లేదు. రెండు ఉన్నత పాఠశాలలు ఎదురెదురుగా నిలిచిననాడే తగవు పుట్టును.

ఈ చిక్కు మనకే కాదు, దేశమంతటను ఉండెను. మహారాష్ట్రులు దీనిని హుతుతు అనిరి, వంగీయులు హడుడు అనిరి. చచ్చినవాడు మరల బ్రతుకు సంజీవని, బ్రతుకని గామిని అను వేర్వేరు పద్ధతులు ప్రచారములో నుండెను. 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య ఏర్పడిన పిమ్మట నియమములు ఏకమయ్యెను. సంజీవని పద్ధతి స్థిరపడెను.

ఈ నియమముల ప్రకారము బరిలో జట్టుకు ఏడుగురు నిలుతురు. కూతకు వెళ్లినవాడు 30 సెకనులలో తిరిగి రావలెను. ఒకే ఊపిరితో 'కబడ్డీ' అనియే స్పష్టముగా పలుకవలెను. పల్లె అలవాటు చొప్పున 'చెడుగుడు' అన్నచో అంపైరు వానిని వెనుకకు పంపును. ఎదుటి జట్టునకు ఒక పాయింటును, కూత వంతును లభించును. బలము చాలక కాదు, నియమము తెలియక ఆ పిల్లవాడు ఓడును.

బరికి ఇరువైపుల ఇద్దరు అంపైరులుందురు. వారికి అభిప్రాయభేదము కలిగినచో రిఫరీ తీర్పు చెప్పును. ఎవరు ఈల పట్టినను తీర్పు మారకుండుటయే ఈ ఏర్పాటునకు ప్రయోజనము.

కావున వ్యాయామోపాధ్యాయులు ఈ నియమములను పందెమునాడు కాక, మొదటినుండియే పిల్లలకు నేర్పవలెను. అప్పుడే మారుమూల పల్లె బాలునకును పట్టణపు బాలునకును బరిలో సమన్యాయము దొరకును.