విద్యుత్ సైకిలు – పదిమంది నడిచే బాట

సాయంకాలం వాడరేవు సముద్రతీరానికి వెళ్ళి చూడండి. చేపల గంపతో నడిచే స్త్రీలు, చీరాల నుండి షికారు వచ్చిన కుటుంబాలు, సైకిళ్ళపై విద్యార్థులు – అందరికీ దారి ఒక్కటే. ఇటువంటి దారులలోకి విద్యుత్ సైకిలు కూడ వచ్చి చేరుతున్నది. ఇది సైకిలా, మోటారు బండియా? నడిచేవారి మధ్య దీనిని ఎట్లు నడపవలెను?

మొదటి ప్రశ్నకు చట్టంలో సమాధానం ఉన్నది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో చేర్చిన నిర్వచనం ప్రకారం మోటారు సామర్థ్యం పావు కిలోవాటుకు, అనగా 250 వాట్లకు, లోపుగా ఉండవలెను. పెడలు త్రొక్కే బండి అయితే, వేగం పెరిగినకొలదీ మోటారు సాయం తగ్గుతూ వచ్చి, గంటకు 25 కిలోమీటర్ల వద్ద పూర్తిగా ఆగిపోవలెను. త్రొక్కటం మానినా ఆగిపోవలెను. త్రొక్కకుండ నడిచే బండి అయితే, దాని వేగం 25 కిలోమీటర్లకు లోపుగా, బ్యాటరీ కాక బరువు 60 కిలోగ్రాములకు మించకుండ ఉండవలెను. అధికార పరీక్షాసంస్థ ధ్రువీకరించిన ఇటువంటి బండి మోటారు వాహనం కాదు. దానికి లైసెన్సు అక్కరలేదు.

అయితే కొందరు వేగపు అడ్డును తీసివేయించి నడుపుతారు. అప్పుడది చట్టం దృష్టిలో మోటారు వాహనమే. రిజిస్ట్రేషను, లైసెన్సు, బీమా అన్నీ కావలెను. పదహారేళ్ళు నిండని విద్యార్థి దానిని రోడ్డుపై నడపటానికి చట్టం ఏ విధంగాను ఒప్పుకొనదు.

ఇక రెండవ ప్రశ్న. మోటారు ఉన్నంత మాత్రాన ప్రమాదం లేదు. ప్రమాదం వేగంలో ఉన్నది. వేగం రెట్టింపయితే గతిజశక్తి నాలుగు రెట్లవుతుంది. ఒక లెక్క చూతము. గంటకు 25 కిలోమీటర్లంటే సెకండుకు సుమారు 7 మీటర్లు. ఎదుట మనిషిని చూచి బ్రేకు పట్టుకొనటానికి ఒక సెకండు పడుతుందనుకొందము. ఆలోగా బండి 7 మీటర్లు పోతుంది. బ్రేకు వేగాన్ని సెకండుకు సెకండుకు 3 మీటర్ల చొప్పున తగ్గిస్తే ఇంకొక 8 మీటర్లు పోయి ఆగుతుంది. మొత్తం 15 మీటర్లు. వేగం సగమే అయితే అయిదున్నర మీటర్లు చాలును. గాలికి ఇసుక కొట్టుకొని వచ్చిన రోడ్డుపై ఘర్షణ తగ్గుతుంది. బ్రేకు పట్టు సగమయినదనుకొంటే 15 మీటర్లు కాస్తా 23 అవుతుంది!

మరొక చిక్కు. ఈ బండికి చప్పుడు తక్కువ. అలల హోరు ఎక్కువ. ముందు నడిచే ముసలమ్మకు వెనుక బండి వస్తున్నట్లు తెలియదు.

ఇతర దేశాలలోను ఈ తర్కం జరిగినది. బాటలు నడిచేవారివే అని కొందరు, కాళ్ళలో సత్తువ తగ్గిన వారికి ఈ బండి వరమని కొందరు వాదించారు. రెండు మాటలలోను నిజమున్నది. అమెరికాలో 2020 నాటి నిబంధన జాతీయ ఉద్యానవనాలలో ఏ బాటపై వీటిని అనుమతించవలెనో అక్కడి అధికారి నిర్ణయానికే వదిలినది. మన హైదరాబాదులో 2023లో బాహ్య వలయ రహదారి ప్రక్కన సౌరఫలకాల కప్పుతో సుమారు 23 కిలోమీటర్ల ప్రత్యేక సైకిలు బాట తెరిచారు. అటువంటి వసతి లేనిచోట మర్యాదయే బాటను విభజించవలెను: మనుషులున్నచోట నడకవేగానికి దిగుట, దూరం నుండే గంట కొట్టుట, ఇరుకయితే దిగి నడిపించుట.

ఉపాధ్యాయులు బడి మైదానంలో సుద్దగీత గీచి, మామూలు సైకిలుతోనే నెమ్మదిగా ఒకసారి, కొంచెం వేగంగా ఒకసారి గీతవద్ద బ్రేకు వేయించి, బండి ఎంత దూరంలో ఆగినదో విద్యార్థులచే కొలిపించవచ్చును. ఆ కొలత చూచిన విద్యార్థి గంపతో నడిచే అవ్వ వెనుక తప్పక వేగం తగ్గిస్తాడు.